పదో రోజు గాజులు, పదకొండో రోజు భోజనాలు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక అమ్మాయి తన తండ్రి సంవత్సరీకం గురించి అడిగితే నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చూసి ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. ఇంట్లో మనిషి పోయాక ఏం చేయాలి, ఏం మానేయొచ్చు, ఎవరి మాట వినాలి, అందరిదీ ఇదే బాధ. మనిషి బతికుండగా ఈ సంగతి ఇంట్లో ఎత్తం, అందుకే ఆ పది రోజుల్లో ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాటే చెల్లిపోతుంది. రాసినవాళ్ల పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ప్రశ్న: నాన్న పోయి పది నెలలైంది. పదో రోజు రేవు దగ్గర మా మేనత్తలు, ఊళ్లో ఆడవాళ్లు కలిసి అమ్మకి పసుపు రాసి, పూలు పెట్టి, చేతుల నిండా గాజులు తొడిగి, తర్వాత అన్నీ తీసేశారు. గాజులు పగలగొడుతుంటే అమ్మ మణికట్టు తెగింది. నేను పక్కనే ఉండి కూడా ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు మా అమ్మాయికి పెళ్లి కుదిరింది. అమ్మ పీటల దగ్గరికి రానంటోంది, తలంబ్రాల బియ్యం కూడా ముట్టుకోనంటోంది. ఏడాది తిరక్కుండా పెళ్లేమిటని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు? (తెనాలి)

జవాబు: తల్లీ, ఆ రోజు నోరు మెదపలేకపోయానని నిన్ను నువ్వు తిట్టుకోకు. తండ్రి పోయిన పదో రోజున నలుగురు పెద్దవాళ్లని ఎదిరించే ఓపిక ఎవరికి ఉంటుంది?

మా నాన్న పోయినప్పుడు నాకు నలభై రెండేళ్లు. తొమ్మిదో రోజు రాత్రి వరండాలో అమ్మ పక్కన పడుకున్నాను. ఆవిడ ఎడమ చేతి మట్టిగాజుల్లో ఒకదానికి సన్నటి బీట ఉంది, అది చర్మానికి గుచ్చుకుంటుంటే నిద్రలో కూడా పైకి తోసుకుంటోంది. తీసేద్దామని చెయ్యి పట్టుకుంటే మెలకువ వచ్చి, "రేపు ఎలాగూ తీసేస్తారుగా, ఈ ఒక్క రాత్రీ ఉండనీ" అంది. నాకు ఇంక నిద్ర పట్టలేదు. పొద్దున్న ఆడవాళ్లందరూ పోగయ్యాక మా పెద్దమ్మ లేచి నిలబడింది. ఆవిడ అప్పటికి ముప్ఫై ఏళ్ల కిందట భర్తను పోగొట్టుకున్న మనిషి. "నాకు ఆ చప్పుడు ఇప్పటికీ వినపడుతుంది, నా చెల్లెలికి అది వద్దు" అంది. అంతే, ఎవరూ ఎదురు మాట్లాడలేదు. ఆ బీటవారిన గాజు తర్వాత కొన్నాళ్లకి వంటింట్లో దానంతట అదే విరిగింది.

ఒక ఇంట్లో ఒక పెద్దావిడ చేసిన పని ఒక ఊరు ఊరంతా కూడా చేయొచ్చు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊళ్లో 2022 మే 4న గ్రామసభ పెట్టి, భర్త పోయిన స్త్రీకి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, తాళి తీయడం మా ఊళ్లో ఇక ఉండకూడదని తీర్మానించారు. రెండు వారాలు గడిచేలోపే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలు కూడా ఇదే పద్ధతి పట్టాలని సర్క్యులర్ పంపింది. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. భర్త పోయిన ఆడపిల్లకి మళ్లీ పెళ్లి చేయొచ్చని అంత ముందుగా ఒప్పుకున్న నేల మనది, చేతికున్న గాజుల దగ్గర ఇంకా ఎందుకు ఆగిపోయామో నాకు అర్థం కాదు.

ఇక పెళ్లి సంగతి. నువ్వు ఇంకో ఇంటికి, ఇంకో గోత్రానికి వెళ్లావు కనుక పుట్టింటి ఏటిసూతకం మీ ఇంట్లో పెళ్లికి అడ్డు కాదని పురోహితులే చెప్తారు, మీ పంతులు గారిని ఒక్క మాట అడిగి ధైర్యంగా ముహూర్తం పెట్టుకో. అమ్మ రానంటోంది అంటే ఇష్టం లేక కాదు, ఎవరైనా మూతి తిప్పుకుంటే ఆ చూపు తట్టుకోలేక. అందుకని రమ్మని బతిమాలకు, ఆవిడకి పని అప్పజెప్పు. శుభలేఖ మీద నాన్న పేరు పక్కన అమ్మ పేరు కూడా వేయించు. పెళ్లికూతుర్ని చేసే రోజు మొదటి నలుగు ఆవిడ చేత్తోనే పెట్టించు, ఆ మాట నువ్వు కాదు, మీ అమ్మాయి అడగాలి, అమ్మమ్మ ఎదురుగా పీట వేసుకు కూర్చుని "నువ్వు పెడితేనే లేస్తాను" అనాలి. మగపెళ్లివారితో నాలుగు రోజుల ముందే మాట్లాడు, అప్పటికప్పుడు పందిట్లో గొడవ రాకుండా ఉంటుంది. గాజులు తొడిగించే రోజు అమ్మని కూడా అడిగి చూడు, వద్దంటే మాత్రం ఊరుకో. ఆవిడ చేతుల గురించి ఈసారన్నా ఆవిడే నిర్ణయించుకోవాలి.

ప్రశ్న: మా బాపు పోయి ఇంకా నెల కాలేదు. మూడో రోజు పిట్టకు పెట్టిన దగ్గర నుంచి పదకొండో రోజు దినాల వరకు రెండు లక్షల ఎనభై వేలు ఖర్చయింది. మటన్, మందు, టెంటు, ఫ్లెక్సీలు, వచ్చినవాళ్లకు బాపు ఫొటో అంటించిన స్టీలు డబ్బాలు. అందులో లక్షన్నర మిత్తికి తెచ్చాను. ఇప్పుడు నెల మాసికానికి, మళ్లీ సంవత్సరీకానికి ఇదే తీరుగా పెట్టాలని మా అన్నదమ్ములు అంటున్నారు. తగ్గిస్తే బాపు పరువు పోతుందంట. (జగిత్యాల జిల్లా)

జవాబు: బాబూ, ఇంకో రూపాయి అప్పు చేయకు. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతావి చెప్తాను.

శవం లేచిన ఇంట్లో పొయ్యి వెలిగించకూడదంటారు కదా. ఆ పూట పక్కింటివాళ్లు, వియ్యాలవారు అన్నం, చారు వండి తెచ్చేవాళ్లు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవాళ్లని కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు కలిపి బలవంతంగా తినిపించేవాళ్లు. దుఃఖంలో ఉన్న ఇంటికి ఊరు అన్నం పెట్టేది. అది తిరగబడి ఇప్పుడు దుఃఖంలో ఉన్న ఇల్లే అప్పు తెచ్చి ఊరికి అన్నం పెడుతోంది. నేను చూసిన ఒక దినంలో కర్త గుండు మీద తడి ఆరకముందే వంటవాళ్ల దగ్గరికి పరుగెత్తాడు, మటన్ చాలదన్నారని. తండ్రిని తలుచుకుని ఏడవడానికి ఆ కొడుక్కి ఆ రోజంతా పది నిమిషాలు దొరకలేదు, అది చూశాక నాకు ఆ విస్తరి ముందు కూర్చోబుద్ధి కాలేదు.

శాస్త్రం అలా అడిగిందా అంటే, అడగలేదు. వండి పెడితే అన్న శ్రాద్ధం, బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తే ఆమ శ్రాద్ధం, డబ్బు ఇస్తే హిరణ్య శ్రాద్ధం, ఈ మూడూ పెద్దలు ఒప్పుకున్నవే. మీ వైపు పెత్తరమాస నాడు పంతులు గారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు చూడు, ఎంగిలిపూల బతుకమ్మ రోజే, అది ఈ పద్ధతే. విష్ణు పురాణం ఇంకా ముందుకు వెళ్లి, అసలేమీ లేనివాడు అడవికి పోయి రెండు చేతులూ పైకెత్తి, నా దగ్గర ధనం లేదు, శ్రాద్ధానికి పనికొచ్చేది ఏదీ లేదు, పితరులకు నమస్కరిస్తున్నాను, నా భక్తితోనే తృప్తి పడండి అంటే చాలని చెప్పింది. ఆ కాలంలోనే లేనివాడి గురించి అంత ఆలోచించారు. మనమేమో ఉన్నవాడిని కూడా లేనివాడిని చేస్తున్నాం.

మాసికం ఇంట్లోనే చేయండి. భోజనానికి పాడె మోసిన నలుగురిని, డప్పు కొట్టినవాళ్లను, కాటి దగ్గర కట్టెలు పేర్చినవాళ్లను పిలువు. పదకొండో రోజు టెంటు కింద వాళ్లకు చివరి బంతిలో, మిగిలింది పెట్టి ఉంటారు. ఈసారి ముందు వాళ్లను కూర్చోబెట్టి నువ్వు వడ్డించు. మందు మాత్రం వద్దే వద్దు. అన్నదమ్ములు ఒప్పుకోకపోతే ఖర్చు సమానంగా పంచుకుందాం, ముందు ఈ లక్షన్నర మిత్తితో సహా పంచండి అను, లెక్క కాగితం మీద రాసి ముందు పెట్టు. పరువు మాట అక్కడ చాలావరకు తగ్గిపోతుంది.

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాటులో ఉంటాం. ఆసుపత్రిలో మా అత్తగారు పోతే శవాన్ని ఇంట్లోకి తేవద్దని ఓనరు ఫోన్ చేసి చెప్పారు. గేటు బయట అంబులెన్సులోనే ఉంచి చుట్టాలకు చూపించాం. ఇప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంటోంది, ఆవిడకి 81 ఏళ్లు. నాకు రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. ఆ ఇంటికి నెలనెలా అద్దె కట్టి, ఆ గుమ్మానికి పసుపు రాసి, ముగ్గు పెట్టిన మనిషి చివరికి గేటు బయట ఉండాల్సి వచ్చింది.

ఓనర్ల భయం ఎక్కడ ఉందో నాకు తెలుసు. ధనిష్ఠా పంచకం లాంటి నక్షత్రంలో పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలన్న నమ్మకం, ఆ తర్వాత ఎవరూ అద్దెకి రారన్న లెక్క. ఆ నమ్మకం ఉన్నవాళ్లకి దానికి శాంతి కూడా ఉంది, పంతులు గారు చేయిస్తారు. మనిషిని బయట పెట్టమని మాత్రం ఏ నక్షత్రమూ చెప్పలేదు.

మా అపార్ట్‌మెంటులో ఇలాంటిదే జరిగాక అసోసియేషన్ మీటింగులో మాట్లాడుకుని, కింద పార్కింగులో వాచ్‌మన్ గది పక్కనున్న రెండు కార్ల చోటు దీనికి వదిలేశాం. అక్కడ ఒక కుళాయి, ఫ్రీజర్ బాక్సుకి ప్లగ్గు పాయింటు, చుట్టూ కట్టుకోవడానికి రెండు టార్పాలిన్లు, ఒక చెక్క బల్ల ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు. ఓనర్లకీ అద్దెవాళ్లకీ ఒకటే రూలు. మీరు కూడా ఇప్పుడే, అమ్మగారు బాగుండగానే అడగండి. ఇల్లు మారాల్సి వస్తే అగ్రిమెంటు రాసుకునేటప్పుడే ఈ మాట తేల్చుకోండి. జూబ్లీహిల్స్ మహాప్రస్థానం లాంటి శ్మశానవాటికల్లో స్నానాలకీ, జనం కూర్చోవడానికీ ఏర్పాట్లు ఉన్నాయి, తెలంగాణ పల్లెల్లో పల్లె ప్రగతి కింద వైకుంఠధామాలు కట్టారు, సొంతూరు దగ్గరైతే అదీ ఒక దారి.

ఇంకొకటి. ఆసుపత్రిలో పోతే నమోదు సంగతి వాళ్లు చూస్తారు, ఇంట్లో పోతే 21 రోజుల్లోపు మీరే మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో చెప్పాలి. దినాల హడావిడిలో ఇది మరిచిపోయి తర్వాత సర్టిఫికెట్ కోసం తిరిగేవాళ్లను చాలామందిని చూశాను.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. వీసా ఇబ్బంది వల్ల అమ్మ పోతే వెళ్లలేకపోయాను. తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాలంటారు మా వైపు, ఆ చిన్నకొడుకుని నేనే. అన్నయ్య పెట్టాడు. వీడియో కాల్‌లో చూస్తున్నాను, సరిగ్గా చితి అంటించే సమయానికి ఫోను పట్టుకున్నవాళ్లు చెయ్యి తిప్పారు, చెట్టు కొమ్మ కనపడింది, నెట్ కట్టయింది. ఇప్పటికీ ఆ కొమ్మే కలలోకి వస్తోంది. మాసికాలు జూమ్‌లో పంతులు గారు చెప్తుంటే చేస్తున్నాను. ఇవి అమ్మకి చేరతాయా?

జవాబు: చేరతాయి నాన్నా. నీ ఉత్తరం చదివినవాళ్లెవరూ చేరవని అనలేరు.

కరోనా రోజుల్లో, 2020, 2021ల్లో ఎంతమంది కొడుకులు, కూతుళ్లు పక్క వీధిలో ఉండి కూడా వెళ్లలేకపోయారో గుర్తు తెచ్చుకో. ముక్కూ ముఖం తెలియని కుర్రాళ్లు ఆ తొడుగులు వేసుకుని చితులు అంటించారు. ఆ పోయినవాళ్లందరికీ గతి లేదని అనుకోగలమా?

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. అన్నయ్యకి ఒక ఆదివారం ఫోన్ చెయ్యి, తీరిగ్గా ఉన్నప్పుడు. నీకు కనపడకుండా పోయిన ఆ అరగంటలో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమను. అమ్మకి ఏ చీర కట్టారు, పాడె ముందు వైపు ఎవరెవరు పట్టుకున్నారు, దింపుడు కళ్లం దగ్గర చెవిలో ఎవరు పిలిచారు, అంటించేటప్పుడు వాడి చెయ్యి వణికిందా, తిరిగి వచ్చేటప్పుడు ఎవరు ఏమన్నారు. మధ్యలో ఆపకు. బహుశా వాడు కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పుకుని ఉండడు. నీ కళ్ల ముందు ఆ కొమ్మ ఒక్కటే ఉంది, దాని వెనక ఏం జరిగిందో తెలిస్తే అది అలా నిలబడిపోదు. వీసా రాగానే వచ్చి రాజమండ్రి రేవులోనో, పిఠాపురం పాదగయలోనో, మీకు దగ్గరైతే కాళేశ్వరంలోనో నీ చేత్తో తిలతర్పణం వదులు. ఆలస్యమైందని అనుకోకు.

మిగతా పాఠకులకి ఒక మాట. దూరాన ఉన్నవాళ్లకి చూపించాల్సి వస్తే ఫోను ఒక్కరి చేతికే ఇవ్వండి, ఆ మనిషికి ఆ గంట ఇంకే పనీ చెప్పకండి, పవర్ బ్యాంకు ఇవ్వండి. అంతేగానీ శవం ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవద్దు. ముక్కులో దూదితో ఉన్న ఆ ముఖం ఇంట్లోవాళ్లు చూసుకోవడానికి, కాంటాక్టుల్లో ఉన్న అందరి కోసమూ కాదు.

ప్రశ్న: నా వయసు 74. కళ్లు, దేహం దానం చేయాలని నా కోరిక. మా ఆవిడ సరేనంది. కొడుకులు మాత్రం కర్మ జరగకపోతే గతి ఉండదంటున్నారు. (కాకినాడ)

జవాబు: నమస్కారం మాస్టారూ, ఉత్తరం అంత పొందికగా ఉంటే మాస్టారే అయి ఉంటారని అలా పిలిచేశాను.

మీ కాకినాడ మూలాలున్న సీతారాం ఏచూరి గారు 2024 సెప్టెంబరు 12న పోతే, కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చింది. మీ అబ్బాయిలకి ఆ సంగతి గుర్తు చేయండి. కర్మ అంటారా, దూరదేశంలో పోయి దేహం దొరకనివాళ్ల కోసం మోదుగాకులతోనో దర్భలతోనో మనిషి రూపం చేసి దహనం చేసే విధి ధర్మశాస్త్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. కాబట్టి దేహం లేకపోతే కర్మే లేదనడానికి వీల్లేదు.

కళ్ల విషయంలో టైము ముఖ్యం, ఆరు గంటల్లోపు తీసుకోవాలి, ఎంత ముందైతే అంత మంచిది. కళ్లజోడు వాడినా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా ఇవ్వొచ్చు. ప్రాణం పోగానే రెప్పలు మూసి, తడి దూది వేసి, ఫ్యాను ఆపేసి, తల కింద దిండు పెట్టాలి. ఐ బ్యాంకు వాళ్లే ఇంటికి వస్తారు, పని అరగంట కూడా పట్టదు, ముఖం ఏమీ మారదు. దేహదానానికి మీ ఊళ్లో రంగరాయ మెడికల్ కాలేజీ ఉంది, అనాటమీ విభాగంలో అడిగి ఫారం తెచ్చుకోండి. పోస్టుమార్టం జరిగితేనో, కొన్ని అంటురోగాలుంటేనో దేహం తీసుకోరు, అప్పుడేం చేయాలో కూడా చెప్పి ఉంచండి. మీరు ఎన్ని సంతకాలు పెట్టినా ఆ రోజు ఫోన్ చేయాల్సింది మీ పిల్లలే. వాళ్లని ఒప్పించకుండా ఫారం నింపితే అది బీరువాలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: మేం ఇద్దరం ఆడపిల్లలం. నాన్నకి బాగాలేదు, డాక్టర్లు నెల రోజులన్నారు. తలకొరివి నన్నే పెట్టమంటున్నారు నాన్న. బాబాయి కొడుకు ఉండగా ఆడపిల్ల కాటికి రావడం ఏమిటని అందరూ అంటున్నారు. (భీమవరం)

జవాబు: నాన్న అడిగారు, నువ్వు చెయ్యి. 2018 ఆగస్టులో వాజపేయి గారి చితికి ఆయన పెంపుడు కూతురు నిప్పు పెట్టడం దేశమంతా టీవీలో చూసింది. 2019లో సుష్మా స్వరాజ్ గారికి ఆవిడ కూతురే అంత్యక్రియలు చేసింది. తరతరాల ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఉండాలని మన రాష్ట్రంలో 1985 నుంచే అమల్లోకి తెచ్చుకున్నాం, అప్పటికి పెళ్లికాని పిల్లలకు. దేశమంతటికీ కలిపి 2005లో వచ్చింది. వాటా ఒప్పుకున్న ఊరు కొరివి ఎందుకు ఒప్పుకోదు?

ఒక్క పని ఈ వారంలోనే అయిపోవాలి. నాన్న మాట్లాడగలిగే స్థితిలో ఉండగానే బాబాయినీ వాళ్ల అబ్బాయినీ మంచం దగ్గరికి పిలిపించి, ఆ మాట నాన్న నోటితోనే వాళ్లకి చెప్పించు. పంతులు గారితో కూడా ముందే మాట్లాడుకో, కుదరదంటే ఇంకొకరిని చూసుకోవడానికి టైముంటుంది. బాబాయి కొడుకుని దూరం పెట్టకు, పాడె ముందు వైపు పట్టుకోమను.

కాటి దగ్గర నీళ్లు నింపిన కుండ ఎడమ భుజం మీద పెట్టుకుని చితి చుట్టూ మూడుసార్లు తిరగాలి. చుట్టు చుట్టుకీ వెనక నుంచి ఒకరు కుండకి చిల్లు పెడతారు, నీళ్లు వీపు మీదుగా కారుతుంటాయి, చివర్లో వెనక్కి చూడకుండా కుండ వదిలేయాలి. నువ్వు అనుకున్నదాని కంటే బరువుగా ఉంటుంది. తడిసిన కొంగు కాళ్లకి అడ్డం పడుతుంది, ముందే నడుముకి బిగించి దోపుకో. చెల్లెల్ని నీ పక్కనే నడవమను.